శేషగిరిరావుగారి పొడుం బీరువా

ఎదురుపడిన మనిషి ముఖం చూడడం లోకం రివాజు. శేషగిరిరావుగారు ముందు రొంటి చూస్తారు. ముఖం ఆ తరవాత, అదీ తీరికుంటే. అరవై దాటనివాళ్ళ వైపు ఆయన కన్నెత్తి చూడరు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే బందరులో ఈపాటికి పెద్ద గొడవే అయ్యేది. పంచెకట్టులోనో చీర కుచ్చెళ్ళ పక్కనో గుండ్రంగా చిన్న ఉబ్బు కనిపించిందంటే చాలు, ఆయన మొహం వెలిగిపోతుంది. "డబ్బీ ఏ రకమండీ?" అని అడుగుతారు. బాగున్నారా, పిల్లలెలా ఉన్నారు లాంటివన్నీ ఆ డబ్బీ చేతికి వచ్చాకే.

ఆయన పోగుచేసేది ముక్కుపొడుం డబ్బీలు. బలరామునిపేటలో ఆయన ఇంటి ముందుగదిలో, మిగతా ఇళ్ళలో టీవీ ఉండేచోట, ఒక అద్దాల బీరువా ఉంటుంది. అందులో వెండి డబ్బీలు, ఇత్తడి డబ్బీలు, కొమ్ముతో చేసినవి, వెలగకాయ డొల్లకి మూత బిగించినవి, నల్లటి లోహం మీద వెండితీగె పొదిగినవి ఉంటాయి. పక్కన ఎవరివో చుట్ట పీకలు, నెమలి పిడి ఉన్న సున్నపుకాయలు, హుక్కా మూతులు. అక్కడిదాకా చూసినవాళ్ళు మెచ్చుకుంటారు. వాటి మధ్యలోనే దర్జాగా తలనొప్పి మందు డబ్బా ఒకటి, హోమియో మాత్రల సీసా ఒకటి, మూత పగిలిన ప్లాస్టిక్ డబ్బీలు కొన్ని కూర్చుని ఉంటాయి. అది చూసినవాళ్ళు ఆయన భార్య స్వర్ణలత వైపు జాలిగా చూస్తారు.

"ఇది ఏ కాలందండీ మావయ్యగారూ?" అని దేన్ని చూపించి అడిగినా ఆయన సమాధానం ఒక్కటే. "డచ్చివాళ్ళది."

"అడుగున మద్రాసు అని ఉందే?"

"డచ్చివాళ్ళు మద్రాసులో చేయించుకున్నారు."

"ప్లాస్టిక్ కదండీ?"

"డచ్చివాళ్ళు ముందుచూపు గల మనుషులు."

ఇంతా చేసి ఆయన జన్మలో పొడుం పీల్చి ఎరగరు. ఆయన ముక్కుకి పొడుం అసలు గిట్టదు. బీరువా తలుపు తెరిస్తే చాలు, పాత పొడుం వాసనకి తుమ్ముతారు. ఆ తుమ్ము మామూలు తుమ్ము కాదు, వీధి చివర పాలబూతుదాకా వినిపిస్తుంది. దాంతో వీధికి పెద్ద చిక్కొచ్చిపడింది. ఒంటి తుమ్ము వినపడగానే బయటికి అడుగుపెట్టినవాళ్ళు వెనక్కి వెళ్ళి కూర్చుని మంచినీళ్ళు తాగాలి. రెండోది కూడా పడితే శుభం, వెళ్ళిపోవచ్చు. అందుకని పొద్దున్నే ఆయన బీరువా తుడిచే వేళకి, ఆఫీసులకీ కాలేజీలకీ బయల్దేరిన సగం వీధి స్కూటర్ల మీద ఒక కాలు నేల మీద పెట్టి, చెవులు రిక్కించి, రెండో తుమ్ము కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

పక్కింటి కోడలు హిమబిందుకి ఇది చాలా కష్టంగా ఉండేది. ఆమె బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. గుడివాడ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆమె భర్త గిరీష్ గుడివాడలోనే బ్యాంకు ఉద్యోగి. ఇద్దరూ రోజూ పొద్దున్న రైలుకి వెళ్తారు.

"తుమ్ముకీ రైలుకీ సంబంధం ఏంటి గిరీష్? అది హిస్టమిన్. ముక్కులో పొర ఉబ్బుతుంది, అంతే."

"నాకూ తెలుసు," అనేవాడు గిరీష్, బండి దిగకుండా. "కానీ రెండోది కూడా పడిపోతే హిస్టమిన్‌కీ తృప్తి, నాకూ తృప్తి."

రెండోది పడేది. రైలు అప్పటికి పెడన దాటేది.

డబ్బీల పిచ్చి ఆయన్ని ఎన్ని ఇరకాటాల్లో పెట్టిందో లెక్కలేదు. గూడూరులో మేనకోడలి పెళ్ళి జరిగినప్పుడు, మేనమామగా ఆయనే పెళ్ళికూతుర్ని గంపలో మోసుకురావాలి. "మేనమామ ఏరండీ?" అని పురోహితుడు పీటల మీద నుంచి కేకేస్తున్నాడు. మేనమామ వంటల దగ్గర కూరగాయల గుట్ట వెనక మగపెళ్ళివారి తాతగారిని కూర్చోబెట్టి, ఆయన ఇత్తడి డబ్బీ కీలు భూతద్దంలో చూస్తున్నాడు. లాక్కొచ్చారు. ఆ హడావిడిలో డబ్బీ జేబులో వేసుకున్నారు, మూత సరిగ్గా పడలేదు. గంప ఎత్తగానే పొడుం గాల్లోకి లేచింది. ఆ పెళ్ళి ఆల్బంలో జీలకర్ర బెల్లం ఫోటో చూడండి. పెళ్ళికూతురు తుమ్ముతోంది, పెళ్ళికొడుకు తుమ్ముతున్నాడు, తెర పట్టుకున్న ఇద్దరూ తుమ్ముతున్నారు. పురోహితుడు మాత్రం గడుసువాడు. "అందరికీ రెండేసి పడ్డాయి, మహా శుభం" అని మంత్రం అందుకున్నాడట.

ఇంకోసారి స్వర్ణలత చింతపండు నానబెట్టి, ఉల్లిపాయలు తరిగి, ఆయన్ని చేపలకి గిలకలదిండి పంపింది. మధ్యాహ్నం దాటాక ఖాళీ సంచీతో తిరిగొచ్చారు.

"చేపలేవండీ?"

ఆయన జేబులోంచి తుప్పు పట్టిన రేకు డబ్బీ తీసి బల్ల మీద పెట్టారు. "మాణిక్యం ఇచ్చింది. చేపలమ్ముతుందే, ఆవిడ."

"చేపలమ్మే మనిషి దగ్గరికి వెళ్ళి చేపలు తప్ప అన్నీ తెచ్చారా?"

"చేపలు రేపైనా పడతాయి స్వర్ణా. ఇది పడదు."

ఆ రోజు ఆ ఇంట్లో పులుసు కాచారు. అందులో వంకాయలు ఈదాయి.

ఆయన గురించి ఇంకో చెడ్డపేరు కూడా ఉంది. ఎంతో బతిమాలి తీసుకున్న డబ్బీని ఒక్కోసారి తిరిగి ఇచ్చేస్తారు. మామూలుగా ఇవ్వరు, నలుగురూ చూస్తుండగా ఇస్తారు. గుడివాడ బస్టాండులో ఒక రిటైరైన పెద్దమనిషిని ఆపి, "ఇదిగోనండీ మీ డబ్బీ. మా బీరువాకి పనికిరాలేదు" అని గట్టిగా చెప్పి చేతిలో పెట్టేశారట. ఆయన తల దించుకుని బస్సెక్కి, సీటు కూడా చూసుకోకుండా మెట్టు మీదే నిలబడ్డాడట. నకిలీ వెండి అంటగట్టాడు కాబోలు, దొరికిపోయాడు అని బస్టాండంతా అనుకుంది.

హిమబిందు ఇవన్నీ విని నవ్వి ఊరుకునేది. కొడుకు సాత్విక్ పుట్టి పాకడం మొదలుపెట్టాక నవ్వు ఆగింది.

ఎందుకంటే వాళ్ళింట్లోనే ఒక డబ్బీ ఉంది. గిరీష్ నాయనమ్మ సత్యవతమ్మది. ఆవిడ అత్తగారు పోతూ పోతూ తాళాలగుత్తితోపాటు చేతిలో పెట్టిన వెండి డబ్బీ. తాళాలు ఎప్పుడో కోడళ్ళకి పోయాయి, డబ్బీ మాత్రం రొంటిని ఉండిపోయింది. ఆవిడ మూత మీద వేలితో టకటకమని కొట్టి, చిటికెడు తీసి, ముక్కు దగ్గర పెట్టి కళ్ళు మూసుకుంటే ఇంట్లో ఎవరూ పలకరించకూడదు. గిరీష్ అమ్మానాన్నలు దివిసీమలో రొయ్యల చెరువుల దగ్గర ఉంటారు, చెరువులు వదిలి రాలేరు. హిమబిందు మళ్ళీ కాలేజీకి వెళ్తే పిల్లాణ్ణి చూసుకునేది సత్యవతమ్మే. సెలవు రెండు నెలల్లో అయిపోతుంది.

ఒక మధ్యాహ్నం ఉతికిన బట్టలు తీసుకుని లోపలికి వచ్చేసరికి, మామ్మగారు కునుకు తీస్తోంది, సాత్విక్ ఆవిడ పక్కన కూర్చుని డబ్బీ మూత చప్పరిస్తున్నాడు.

బట్టలు ఎక్కడ పడ్డాయో హిమబిందుకి తెలియదు. పిల్లాడి నోరు కడిగింది, డాక్టరుకి ఫోన్ చేసింది, ఆయన చూస్తూ ఉండమంటే సాయంత్రం వరకూ వాడి ముఖం మీంచి చూపు తిప్పలేదు. వాడికి ఏమీ కాలేదు. ముఖం చిట్లించి, ఇంకాస్త కావాలన్నట్టు చెయ్యి చాచాడు. పెద్దవాళ్ళకి చిటికెడైన పొడుం పాకే పిల్లాడికి ఎంతవుతుందో వేరే తల్లులకి తెలియదు, నిద్రపోతారు. హిమబిందుకి తెలుసు.

"మామ్మగారూ, నికోటిన్ అంటే విషమండీ," అంది, ఫోన్లో పాడైన ఊపిరితిత్తుల బొమ్మ చూపిస్తూ.

సత్యవతమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది. "ఎవరివి ఇవి?"

"ఎవరివైతే ఏంటండీ?"

"ఎవరో తెలీని వాళ్ళ ఊపిరితిత్తులు చూపించి నన్ను మానమంటే ఎలాగే? మీ ఆయన కూడా ఈ మూత చప్పరించే పెద్దవాడయ్యాడు."

"అందుకే ఆయనకి లెక్కలు రావేమో," అంది హిమబిందు కోపంగా.

"లెక్కలు రాకపోతే బ్యాంకులో ఎందుకు పెట్టుకున్నారు? నువ్వు చదువుకున్నావు గానీ హిమా, నాకు పొడుం లేకపోతే పొద్దు పొడవదు. అంతే."

డబ్బీ వదలని మామ్మగారి దగ్గర పిల్లాణ్ణి వదలడం కుదరదు. ఆవిడ ఇంట్లో ఉండగా పిల్లాణ్ణి ఇంకెక్కడో దింపి వస్తే ఆవిడ పరువు పోతుంది. ఎక్కడా దింపకపోతే ఉద్యోగం పోతుంది. హిమబిందు రోజూ రాత్రికి ఏదో ఒకటి పోగొట్టుకుని, పొద్దున్నే మళ్ళీ మొదటికి వచ్చేది.

సరిగ్గా అప్పుడే శేషగిరిరావుగారు రావడం మొదలుపెట్టారు.

"పిన్నిగారూ, ఆ డబ్బీ ఒకసారి ఇటివ్వండి. అబ్బ. ఈ కీలు చూశారా? ఇలాంటి కీలు డచ్చివాళ్ళతోనే పోయింది."

"మా అత్తగారిదయ్యా. మువ్వ ఊళ్ళో చేయించారు."

"డచ్చివాళ్ళే మువ్వ వెళ్ళి చేయించి ఉంటారు. పిన్నిగారూ, ఇది రొంటిని ఉండాల్సిన వస్తువు కాదు. అద్దాల్లో ఉండాలి. నాకిచ్చెయ్యండి."

"వెధవ్వేషాలు వెయ్యకు శేషగిరీ," అనేది ఆవిడ. కానీ ఆ సాయంత్రం డబ్బీని చింతపండుతో తోమింది. మర్నాడు ఆయన వచ్చే వేళకి చీర మార్చుకుని కూర్చుంది.

హిమబిందుకి ఒళ్ళు మండిపోయింది. ముసలావిడని పొగిడి పొగిడి వెండి కొట్టేసే రకం అనుకుంది. ఆవిడ పొడుం మానాలి నిజమే, కానీ అత్తగారి ఆనవాలు ఇలా పోకూడదు. నాలుగో సారి వచ్చినప్పుడు గేటు దగ్గరే ఆపేసింది.

"మావయ్యగారూ, ఏమీ అనుకోకండి. పెద్దావిడ వస్తువు మీద కన్నెయ్యడం మీకు బాగోదు. మీకు బోలెడున్నాయిగా."

ఆయన ఏదో చెప్పబోయి, చంకలో ఉన్న సాత్విక్‌ని చూసి, వాడి బుగ్గ గిల్లి, "సరేనమ్మా" అని వెళ్ళిపోయారు. ఆయన గొడవపడతారని ముందే మాటలు సిద్ధం చేసుకున్న హిమబిందుకి అవన్నీ మిగిలిపోయాయి.

రెండు రోజుల తరవాత స్వర్ణలత పంపిన గోంగూర పచ్చడి గిన్నె తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. ఖాళీ గిన్నె ఇవ్వకూడదు కాబట్టి అందులో గుప్పెడు పంచదార పోసి, పిల్లాణ్ణి చంకనేసుకుని పక్కింటికి వెళ్ళింది. వీధి వసారాలో చేపల బుట్ట దించి మాణిక్యం నిలబడి ఉంది. లోపల బీరువా ముందు శేషగిరిరావుగారు.

"నా డబ్బీ నాకిచ్చెయ్యండి బాబుగారూ."

"ఎందుకు?"

"ఎందుకేంటండీ. పొడుం ఏసుకుని చిగుళ్ళకి రుద్దుకోడానికి. నోరంతా పీకుతుంది."

"నోట్లో తెల్లమచ్చ ఎలా ఉంది? డాక్టరుగారు ఏమన్నారు?"

"తగ్గిందన్నాడు. తగ్గింది కదా, ఇక ఇచ్చెయ్యండి."

"ఇస్తాను. కానీ ఒక్క మాట. నిన్ననే దాన్ని పై అరలోకి మార్చాను. అటు వెండి, ఇటు దంతం, మధ్యలో నీది. ఇవాళ మధ్యాహ్నం చూడ్డానికి ఎవరో వస్తున్నారు. నడుమ ఖాళీ ఉంటే ఏం బాగుంటుంది చెప్పు. రేపు రా."

"నిన్న కూడా రేపన్నారు."

"నిన్న కూడా ఎవరో వచ్చారు."

మాణిక్యం అద్దంలోంచి తన రేకు డబ్బీని కాసేపు చూసుకుంది. తుప్పు పోయేలా ఎవరో తుడిచారు. "ఆ పక్కదెవరిదండీ?"

"ఎవరో జమీందారుగారిది. ఆయన ఉంటే నీ పక్కన కూర్చోడానికి ఒప్పుకునేవాడు కాదు. డబ్బీకి ఆ పట్టింపు లేదు."

మాణిక్యం పెద్దగా నవ్వింది. "సరే. రేపొస్తాను. రేపు మాత్రం ఊరుకోను" అని బుట్ట ఎత్తుకుని, హిమబిందు పక్కనుంచి వెళ్తూ కన్నుగీటింది. "రెండు నెల్ల నుంచీ ఇదే పాటండీ అమ్మగారూ. ఈ 'రేపు రా' వినకపోతే నాకూ బేరం సాగట్లేదు."

హిమబిందు పంచదార గిన్నెతో అక్కడే నిలబడిపోయింది. ఆమె మూడు వారాలుగా ఊపిరితిత్తుల బొమ్మలతో చెయ్యలేనిది ఈయన రేకు డబ్బాతో చేస్తున్నారు.

లోపలి నుంచి వచ్చిన స్వర్ణలత గిన్నె అందుకుంది. "చూశావా ఈయన వ్యాపారం? డచ్చివాళ్ళూ లేరు, పాడూ లేదు. ఆఖరి డబ్బీలైతేనే తీసుకుంటారు. ఇచ్చినవాళ్ళు మళ్ళీ ఇంకో డబ్బీ కొన్నారని తెలిస్తే, అది ఆఖరిది కాదని పట్టుకెళ్ళి నడివీధిలో ఇచ్చేస్తారు. గుడివాడలో పాపం ఆ పెద్దమనిషి ఆ సిగ్గుతోనే రెండోసారి నిజంగా మానేసి, డబ్బీ తనే తెచ్చిచ్చి వెళ్ళాడు."

"మరి నాతో చెప్పొచ్చుగా మావయ్యగారూ," అంది హిమబిందు. "గేటు దగ్గర అన్ని మాటలన్నాను."

శేషగిరిరావుగారు దొంగతనంలో పట్టుబడ్డ పిల్లాడిలా బీరువా అద్దం తుడవసాగారు. "చెబితే మంచివాణ్ణైపోతానమ్మా. మంచివాళ్ళు చెప్పేది ఎవరు వింటారు? పిచ్చివాడైతే, పోనీలే పాపం అని ఇచ్చేస్తారు." తుడుస్తూనే పై అర మూలన ఉన్న కొమ్ము డబ్బీని కాస్త సర్దారు. "ఇది మా నాన్నది. ఇది మాత్రం నేను అడిగి తీసుకోలేదు. ఆయన పోయాక మిగిలిపోయింది." వెంటనే తుమ్మారు. వీధిలో ఎవరో బండి ఆపిన చప్పుడైంది.

"అయితే మా మామ్మగారిని మీరే మళ్ళీ అడగండి."

"కుదరదు. నువ్వు గెంటేశావు. గెంటించుకున్నవాడు మళ్ళీ వస్తే వస్తువు విలువ పడిపోతుంది. ఇక ఆవిడే రావాలి."

హిమబిందు ఇంటికి వచ్చి, మామ్మగారికి కాఫీ ఇచ్చి, చాలా తీరిగ్గా కూర్చుంది. ఫోను తియ్యలేదు.

"శేషగిరిరావు మావయ్యగారి బీరువా చూసొచ్చానండీ. పై అరంతా వెండీ దంతమూ. మధ్యలో మాణిక్యం డబ్బీ పెట్టారు."

సత్యవతమ్మ కాఫీ గుక్క మింగకుండా ఆగింది. "ఏ మాణిక్యం?"

"గిలకలదిండి నుంచి చేపలు తెస్తుందే, ఆవిడ. జమీందారుగారి పక్కన."

"రేకు డబ్బీనా? పై అరలోనా?"

"బాగుందండీ. తళతళలాడుతోంది."

"మూడు రోజులై శేషగిరి ఇటు రాలేదేం?"

"ఏమోనండీ. ఇక మీ డబ్బీ అక్కర్లేదేమో."

సాయంత్రం సత్యవతమ్మ పట్టుచీర కట్టుకుని, డబ్బీలో పొడుం తులసికోట పక్కన దులిపేసి, ముని మనవణ్ణెత్తుకున్న హిమబిందుని వెంటబెట్టుకుని పక్కింటికి దండెత్తింది. శేషగిరిరావుగారు డబ్బీని భూతద్దంతో చూసి, పెదవి విరిచారు.

"మూతకి సొట్ట ఉంది పిన్నిగారూ."

"మొన్న కీలు చూసి అబ్బా అన్నావు. ఇవాళ సొట్ట కనిపించిందా?"

"మొన్న మబ్బు పట్టి ఉంది. అయినా పై అర మధ్యలో పెడతాను. ఒక్కటే షరతు. ఇదే మీ ఆఖరి డబ్బీ కావాలి. రేపు ఇంకోటి కొన్నారని తెలిస్తే పట్టుకొచ్చి మీ గేటు ముందు నిలబడి ఇచ్చేస్తాను. మాణిక్యం వచ్చే టైముకి."

"నన్ను బెదిరిస్తున్నావటయ్యా?"

"డచ్చివాళ్ళ కాలం నుంచీ ఇదే పద్ధతండీ."

ఆవిడ డబ్బీ ఆయన చేతిలో పెట్టింది. వెంటనే వదల్లేదు. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని కాసేపు ఉన్నారు. అప్పుడు సాత్విక్ తనకూ కావాలని చెయ్యి చాచాడు. సత్యవతమ్మ వాడి చెయ్యి వైపు చూసింది. వేళ్ళు వదిలేసింది.

మొదటి వారం ఆ ఇంట్లో ఎవరికీ సుఖం లేదు. మామ్మగారు సోంపు నమిలింది, పటికబెల్లం చప్పరించింది, టీవీలో వార్తలు చదివే అమ్మాయిని తిట్టింది. సొట్ట ఇంకా పెరిగిందేమో చూడాలని పొద్దునా సాయంత్రం పిల్లాణ్ణెత్తుకుని పక్కింటికి వెళ్ళి వచ్చింది. "ఇచ్చెయ్యి శేషగిరీ" అని ఒకసారి, "దాన్ని కాస్త ముందుకు జరుపు, జమీందారు అడ్డం వస్తున్నాడు" అని పదిసార్లు అంది. రెండో వారంలో పాయసంలో యాలకుల వాసన చాలా ఏళ్ళ తరవాత తెలిసిందని ఆశ్చర్యపోయి, అది తన ఘనతే అన్నట్టు వీధంతా చెప్పుకొచ్చింది.

సెలవు అయిపోయింది. హిమబిందు పిల్లాణ్ణి మామ్మగారి ఒళ్ళో పెట్టి, వెనక్కి చూడకుండా గుడివాడ రైలెక్కింది. అంటే, గేటు దాకా మూడుసార్లు మాత్రమే వెనక్కి చూసింది.

కాలేజీ స్టాఫ్‌రూములో అంతా మామూలే. మొదటి పీరియడ్ అయ్యాక జువాలజీ నాగేంద్రబాబుగారు, వచ్చే ఏడు రిటైరయ్యే పెద్దాయన, కుర్చీలో వెనక్కి వాలి, ప్యాంటు జేబులోంచి ఆకుపచ్చ ప్లాస్టిక్ డబ్బీ తీసి, మూత మీద వేలితో కొట్టారు. హిమబిందు నోటి దాకా నికోటిన్ అణు నిర్మాణం వచ్చింది. ఆమె దాన్ని మింగేసి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"సార్, ఆ డబ్బీ ఒకసారి ఇటివ్వండి. అబ్బ. ఈ మూత చూశారా? ఇలాంటిది డచ్చివాళ్ళతోనే పోయింది."